రాబందుకు ఆ కడుపు ఉంది, మా తాతకు లేదు

(మా వాడ నుంచి – 11)



ఈ వారం రాయాల్సింది వేరే ఉండె. దాన్ని పక్కకు పెట్టిన. డిగ్రీలో జువాలజీ చదివే ఒక చెల్లె పెట్టిన మెసేజ్ దానికి కారణం.

"అన్నా, ఇయ్యాల మా సార్ నిచ్ పాఠం చెప్పిండు. అడవిలో ఒక్కో జీవికి ఒక్కో పని, ఒక్కో చోటు ఉన్నట్టే పాత ఊళ్లలో ఒక్కో కులానికి ఒక్కో పని, ఒక్కో వనరు ఉండేదంట. అందుకే కొట్లాట లేదంట, ప్రకృతి గూడ ఖరాబు కాలేదంట. మాదిగలు సచ్చిన గొడ్డును తీస్తే మిగిలింది రాబందులు తినేవంట, ఊరు సాఫ్‌గ ఉండేదంట. మాదిగలు అనంగనే క్లాసంత నా దిక్కు చూసిన్రు. నేనేం అనాలె అన్నా?"

చెల్లె, ఒక్క మెసేజ్‌లో అయ్యే జవాబు కాదిది. నీ లెక్క తల వంచుకుని కూర్చున్నోళ్లు ఇంకా చానామంది ఉంటరు. అందరి కోసం రాస్తున్న.

ముందు సార్ మాటలో నిజం ఎంతో చూద్దాం. చానానే ఉంది.

పిట్లంలో మా తాత ఆ పని చేసినోడే. గొడ్డు సచ్చిందంటే పటేల్ జీతగాడు మా వాడ మొగదాకా వచ్చి, అక్కడ్నే ఆగి కేకేసేటోడంట. "ఓరి, ఎద్దు పడ్డది, వచ్చి గుంజుకపోండ్రి." "వస్తున్నం" అనుడు తప్ప ఇంకో జవాబు లేదు. కల్లం కాడ కొలిచే నాలుగు గింజలు ఆ "వస్తున్నం" మీదనే ఆధారపడి ఉండె. నలుగురు కలిసి తాళ్లేసి ఊరవతల బోడు జాగకు గుంజుకపోయేది, తోలు ఒలిచేది. తోలు లందలోకి పోయేది. సున్నం, తంగేడు చెక్క, ఆ కంపు, ఆ నీళ్లలో రోజులకు రోజులు నానిన చేతులు. కంపు మా వాడకే, తోలు మాత్రం ఊరందరికీ. మోట బొక్కెన, ఎద్దుల వారలు, పటేల్ కాలి చెప్పు అన్నీ అందులోంచి వచ్చినయే.

తోలు ఒలిచిన గొడ్డును వదిలేసి, చేతులు కడుక్కునే లోపలే మీద నీడలు తిరిగేవని మా తాత చెప్పేటోడు. ఇక్కడ సైన్స్ గట్టిదే. మన దగ్గర ఒకప్పుడు ఎక్కువగ ఉండిన తెల్ల వీపు రాబందు, పొడుగు ముక్కు రాబందు మెత్తటి మాంసం, లోపలి పేగులు తినే పక్షులు. గట్టి తోలు చీల్చుడు వాటికి కష్టం, ఆ బలం ఎర్రతల రాబందు ముక్కుకు ఎక్కువ. పెద్దవి తిని లేచినంక సందుల్లో మిగిలిన పేలికలు చిన్నదైన తెల్ల రాబందు ఏరుకుంటది. ఒకే కళేబరం మీద ఇన్ని రకాలు ఎట్ల బతుకుతయంటే, ఒక్కోటి ఒక్కో భాగాన్ని పట్టుకుంటది కాబట్టి. తోలు ఒలిచి పెట్టిన గొడ్డు వాటికి అరిటాకులో వడ్డించినట్టే. గుంపు వాలిందంటే గంట లోపల బొక్కల గూడు మిగిలేది. ఎండిన బొక్కలు ఏరుకుని అమ్ముకునేటోళ్లు వేరే ఉండె. కుక్కకు, కాకికి దొరికేది తక్కువ.

ఇంతవరకు పాఠం సరైందే. మోసం దీని తర్వాత మొదలైతది.

ఇది ఆ సార్ సొంతంగ కనిపెట్టిందేం కాదు. మాధవ్ గాడ్గిల్, కైలాశ్ మల్హోత్రా 1983లో ఒక పరిశోధనా వ్యాసం రాసిన్రు. కుల వ్యవస్థకు జీవావరణ పరంగ ఏం ప్రయోజనం ఉందో చూసుడు దాని పని. మహారాష్ట్రలో ఒకే ప్రాంతంలో తిరిగే సంచార సమూహాలను చూపించిన్రు. ఫాసే పార్ధీలు ఉచ్చులేసి జింకలను, పిట్టలను పడ్తరు. నందివాలాలు కుక్కలతోటి పంది, ఉడుము వేటాడ్తరు. వైదులు బోన్లు పెట్టి చిన్న జంతువులను పడ్తరు. ఒకరి వేట ఇంకొకరు ముట్టరు, కాబట్టి వనరు నిలుస్తదని వాదన. 1992లో రామచంద్ర గుహతో కలిసి గాడ్గిల్ రాసిన పుస్తకంలో కూడా ఈ ఆలోచన ఉంది. పశ్చిమ కనుమల మీద 2011లో ఆయన ఇచ్చిన నివేదికను ప్రభుత్వాలు ఎందుకు మూలకు పెట్టినయో మనకు తెలుసు. ఆ మనిషి మీద నాకు గౌరవం ఉంది. కులంలో ఎక్కువ తక్కువలు లేవని కూడా వాళ్లు అన్లేదు. కానీ వ్యాసంలో ఉన్న ఆ జాగ్రత్త మాటలు క్లాస్‌రూం దాకా వచ్చేసరికి రాలిపోతయి. మిగిలేది ఒక్కటే: కులం అంటే ప్రకృతి చేసిన పంపకం. పర్యావరణ ఆలోచనలో కులం ఎట్ల దాక్కుంటదో ముకుల్ శర్మ 2017లో ఒక పుస్తకమే రాసిండు. లైబ్రరీలో అడుగు, లేకపోతే తెప్పించమను.

తెలుగులో మనకు ఒక తిప్పలుంది. స్పీషీస్‌ను జాతి అంటం, కులాన్ని గూడ జాతి అంటం. అందుకే "ఒక్కో జాతికి ఒక్కో చోటు" అంటే చెవులకు సాఫ్‌గ పోతది. నిచ్ అనేది స్పీషీస్‌కు ఉండేది. మాదిగ స్పీషీస్ కాదు, రెడ్డి స్పీషీస్ కాదు. ఒకే స్పీషీస్ లోపల ఉండేది నిచ్‌ల పంపకం కాదు, పోటీ. అందరికీ కావల్సింది అదే నీళ్లు, అదే తిండి, అదే జాగ కాబట్టి ఆ పోటీ అన్నిటికన్న తీవ్రంగ ఉంటదని డార్విన్ 1859లోనే రాసిండు. మన ఊళ్లలో ఆ పోటీ లేకపోలేదు. ఎప్పుడో బలంతోటి ఒక దిక్కు తేల్చేసిన్రు, మళ్లీ పోటీకి రాకుండ కాపలా పెట్టిన్రు. గెలిచినోడు ఆ కాపలాకు ధర్మం అని పేరు పెట్టుకున్నడు, ఇప్పుడు ఎకాలజీ అంటున్నడు.

రాబందు సంగతి చూడు. దాని కడుపులో ఆమ్లం పీహెచ్ 1 దగ్గర ఉంటది. మనుషులను సంపే సూక్ష్మజీవులు అందులో చానామటుకు మాడిపోతయి. తల, మెడ మీద ఈకలు లేకపోవుడు గూడ ఆ తిండికి, ఎండకు అనుకూలమే. లక్షల ఏండ్లలో ఆ ఒళ్లు ఆ పనికి తయారైంది. మరి మా తాతకు ఏముంది? పటేల్‌కు ఉన్న కడుపే, పటేల్‌కు ఉన్న తోలే. దొమ్మరోగంతోటి సచ్చిన గొడ్డును కోయనే వద్దని ఏ పశువుల డాక్టర్‌ను అడిగినా చెప్తడు. కోస్తే గాలి తగిలి ఆ క్రిమి స్పోర్‌గ మారి ఏండ్ల తరబడి మట్టిలో ఉంటది. ఆ గొడ్డు ఎట్ల సచ్చిందో మా తాతకు ఎవ్వరూ చెప్పలేదు. చేతికి ఉన్న పుండుతోటే కత్తి పట్టిండు. ఆకలికి ఆ మాంసం తిన్నరు గూడ, దాంట్ల దాచుకునేదేం లేదు. రాబందుకు అది తిండి. మాకు అది వేరే తిండి లేకుండ చేసినందుకు మిగిలిన తిండి.

చెల్లె, నీ సిలబస్‌లోంచే ఒక సంగతి చెప్త, రేపు క్లాసులో లేచి అడుగు. 1957లో హచిన్సన్ నిచ్‌ను రెండుగ విడగొట్టిండు. ఒక జీవి ఎవరి అడ్డూ లేకుంటే ఎక్కడెక్కడ బతకగలదో అది మూల నిచ్. వేరేటోళ్లు నెట్టేసినంక దానికి మిగిలింది వాస్తవ నిచ్. 1961లో జోసెఫ్ కానెల్ స్కాట్లాండ్ సముద్రపు ఒడ్డున చేసిన పని దీనికి పేరున్న ఉదాహరణ. రాళ్లకు అతుక్కుని బతికే బార్నకిల్ అనే గుల్ల జీవులు అక్కడ రెండు రకాలు. చిన్నరకం పైన, ఎండకు ఎండే రాయి మీద. పెద్దరకం కింద, నీళ్లు బాగ తగిలే చోట. చూసినోళ్లకు ఏమనిపిస్తది? చిన్నదానికి ఎండు రాయే ఇష్టం, దాని ప్రకృతే అంత. కానెల్ కింద ఉన్న పెద్దవాటిని తీసేసి చూసిండు. చిన్నరకం కింద గూడ మంచిగనే బతికింది. పెద్దవి దాని మీదికి పెరిగి, కిందికి చొరబడి పెకిలించేస్తున్నయి కాబట్టి పైన మాత్రమే మిగిలింది.

అక్కడున్నవి రెండు వేరే వేరే స్పీషీస్ అని నాకు తెలుసు. మనుషులకు అది సరిగ్గ అతకదు. నేను చెప్పేది ఒక్కటే. కంటికి కనిపించిన చోటును ప్రకృతి ఇచ్చిన చోటు అనుకోవద్దని బార్నకిల్ విషయంలోనే సైన్స్ అంత జాగ్రత్త పడ్డది. మాదిగవాడ ఊరికి తూర్పుకో పడమరకో ఎందుకుందని అడిగే కాడ ఆ జాగ్రత్త ఎటు పోతది?

పంచుకున్నరు అంటరు కదా, ఆ పంపకం లెక్క గూడ చేద్దాం. ఎద్దు బతికున్నన్ని రోజులు దాని దున్నకం పటేల్‌ది. పేడ పటేల్ పొలానిది, బండి పటేల్‌ది. సచ్చినంక మాది. మేం దాన్ని తోలు చేసి మోట కుట్టిస్తే ఆ మోట నీళ్లు పారింది మళ్లీ పటేల్ మడిలనే. మోట చినిగితే కుట్టేందుకు అర్ధరాత్రి పిలుపు. దీన్ని పంపకం అంటే లెక్కల సార్ నవ్వుతడు. ఆ తోలుకు బజార్ల మంచి ధర వచ్చే కాలానికి మధ్యలోకి వ్యాపారి దిగిండు. కంపు ఉన్నన్ని రోజులు మా నిచ్, పైసలు కనిపించంగనే అందరి నిచ్.

నీళ్ల సంగతి ఇంకా సాఫ్‌గ ఉంటది. మహాడ్ చవదార్ చెరువులో గొడ్లు తాగేవి, పక్షులు తాగేవి. అంటరానోళ్లు తాగొద్దు. 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందితోటి పోయి ఆ నీళ్లు తాగిండు. అదే మహాడ్‌లో సచ్చిన గొడ్లను మోయుడు, ఆ మాంసం తినుడు బంద్ పెట్టమని గూడ చెప్పిండు. ఇప్పటి భాషలో చెప్తే సార్ లెక్క ప్రకారం అంబేద్కర్ నిచ్ ఖాళీ చేయమన్నడు. కులం పనిని విభజించుడు కాదు, పనిచేసేటోళ్లను విభజించి ఒకరి మీద ఒకరిని మెట్లుగ పేర్చుడు అని 1936లో ఆయన రాసిన మాటకు ఇప్పటిదాకా జవాబు రాలేదు. మన తెలుగు నేల మీదికి వస్తే కారంచేడు. 1985 జులైలో మాదిగలు తాగే చెరువు కాడ కమ్మ యువకులు బర్లకు పెట్టిన కుడితి బకెట్ కడిగి ఆ నీళ్లు మురికి చేసిన్రు. ఇదేందని అడిగిన్రు. మున్నంగి సువార్త మీదికి దెబ్బ వస్తే బిందె అడ్డం పెట్టింది. మరునాడు, జులై 17న ఆరుగురు మాదిగలను సంపిన్రు. ఒక ఆవాసం, ఒక నీటి వనరు, అందులో బర్రె కుడితికి ఉన్న హక్కు మనిషి బిందెకు లేదు. ఎవలైనా దీన్ని సహజీవనం అని రాస్తే ఆ పరీక్షల మార్కులు నేనే వేస్త.

ఇప్పుడు రాబందులు ఎటు పోయినయో చూద్దాం. సార్ వాదన అక్కడ పూర్తిగ కూలుతది.

1990ల నుంచి మన దేశంలో పశువుల నొప్పులకు డైక్లోఫెనాక్ సూది మామూలైంది. ఆ మందు ఒంట్లో ఉండంగ సచ్చిన గొడ్డును తింటే రాబందు కిడ్నీలు పాడైతయి, లోపలి అవయవాల మీద తెల్లగ యూరిక్ ఆమ్లం పేరుకుంటది, కొన్ని రోజుల్లో సస్తది. పాకిస్తాన్‌లో పనిచేసిన లిండ్సే ఓక్స్ బృందం 2004లో దీన్ని బయటపెట్టింది. ప్రతి గొడ్డులో మందు ఉండక్కర్లేదు. వందలో ఒక్క కళేబరంలో ఉన్నా చాలు, ఎందుకంటే ఒక్క గొడ్డు మీద పదుల పక్షులు వాల్తయి. రాబందు ఏడాదికి ఒక్క గుడ్డే పెడ్తది, పిల్ల పెద్దగయ్యేటందుకు ఐదేండ్లు పడ్తది. సావులు ఆ వేగంతోటి వస్తే పుట్టుకలు అందుకోలేవు. 1992 నుంచి 2007 లోపల తెల్ల వీపు రాబందులు 99.9 శాతం పోయినయి, పొడుగు ముక్కువి దాదాపు 97 శాతం. పశువులకు ఆ మందును 2006లో నిషేధించిన్రు. మనుషుల కోసం అమ్మే పెద్ద సీసాలు గొడ్లకు వాడుతనే ఉంటే 2015లో సీసాను 3 మిల్లీలీటర్లకు తగ్గించిన్రు. అసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్ గూడ అంతే ప్రమాదమని తేలినా వాటిని పశువులకు బంద్ పెట్టేసరికి 2023 వచ్చింది. మెలాక్సికామ్ అనే మందు రాబందుకు హాని చేయదని ఎప్పటి నుంచో తెలుసు.

రాబందు పోయిన జాగలోకి కుక్క వచ్చింది. కుక్క రాబందు లెక్క గంటలో సాఫ్ చేయలేదు, దాని కడుపు ఆ క్రిములను మాడ్చలేదు, ఒక ఈతకు నాలుగైదు పిల్లలను పెడ్తది. ఎయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2024లో ఒక పరిశోధన అచ్చేసిన్రు. రాబందులు ఉండేటందుకు అనువైన జిల్లాలనూ కానివాటినీ పోల్చి చూసిన్రు. 2000 నుంచి 2005 దాకా మన దేశంలో దాదాపు 5 లక్షల మంది మనుషులు అదనంగ సచ్చిపోయిన్రని వాళ్ల అంచనా. కుళ్లిన కళేబరాలు, పాడైన నీళ్లు, కుక్కకాట్లు. ఎవరు సచ్చిన్రో వేరే చెప్పాల్నా? కుక్కల గుంపు కారు అద్దాలు దించి పోయేటోన్ని పట్టదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో కుక్కలు సంపిన నాలుగేండ్ల పిల్లగాడు ఒక వాచ్‌మన్ కొడుకు, మన నిజామాబాద్ జిల్లా నుంచి బతుకపోయిన కుటుంబం.

ఇప్పుడు ఆలోచించు. రాబందు తినే గొడ్డు విషమైంది, రాబందు అంతరించే దాకా వచ్చింది. ఒకే నిచ్‌ను నమ్ముకున్న జీవికి అట్లనే అయితది. అదే కాలంలో మాదిగల "నిచ్" గూడ పోయింది. మోట పోయి కరెంటు మోటరు వచ్చింది. ఎద్దు పోయి ట్రాక్టర్ వచ్చింది, తోలు చెప్పు పోయి ప్లాస్టిక్ చెప్పు వచ్చింది. బోడు జాగ ప్లాట్లయింది. మేం అంతరించినమా? మా వాడోళ్లు హైదరాబాద్‌లో మేస్త్రీ పనికి పోయిన్రు, భీవండి పోయిన్రు, దుబాయ్ పోయిన్రు. కొందరు టీచర్లయిన్రు. నువ్వు మైక్రోస్కోప్ ముందు కూర్చున్నవు. రాబందుకు దుబాయ్ వీసా పనికిరాదు, దానికి వేరే బతుకు లేదు కాబట్టి. మాకు ముందు నుంచీ వేరే బతుకు ఉండె, పోనియ్యలేదు. పెద్ద బార్నకిల్‌ను కొంచెం పక్కకు జరిపి చూసిన ప్రయోగం ఇది. మా ఊళ్లల్ల మన కళ్ల ముందటనే జరిగింది.

పూర్తిగ జరగలేదు. 2002 అక్టోబర్ 15న హర్యానాలో ఝజ్జర్ దగ్గర దులీనా పోలీసు చౌకీ ముందట తోలు పని చేసే ఐదుగురు దళితులను గుంపు సంపింది. 2016 జులై 11న గుజరాత్ ఊనాలో సచ్చిన ఆవు తోలు ఒలుస్తున్న దళిత యువకులను కట్టేసి కొట్టి, వీడియో తీసుకున్నరు. పని చేయకపోతే వెలి, చేస్తే కట్టెలు. ఊనా తర్వాత గుజరాత్ దళితులు సచ్చిన గొడ్లను తీసుకపోయి సురేంద్రనగర్ కలెక్టరాఫీసు ముందట పడేసిన్రు. నాకు తెలిసి ఎకాలజీ మీద ఈ దేశంలో జరిగిన గొప్ప ఉపన్యాసం అదే.

రాబందులను బతికియ్యాలె. ఈ విషయంలో నాకు రెండో మాట లేదు. కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూర్ అడవిలో, పాలరాపు గుట్ట మీద 2013లో పొడుగు ముక్కు రాబందుల గూళ్లు కనిపిస్తే అటవీ శాఖ కాపలా పెట్టింది, మందు లేని కళేబరాలు తెచ్చి వేసింది. సంతోషం. పక్షి తినే మాంసంలో విషం ఉందో లేదో చూస్తున్నరు. ఆ కళేబరాన్ని లేపే మనిషి చేతికి గ్లౌజు ఉందో లేదో గూడ చూడాలె కదా.

ఇప్పుడు పిట్లం పక్క నుంచి 161 నంబరు హైవే పోతది. రాత్రిపూట లారీలు తగిలి బర్లు, కుక్కలు సస్తయి. పొద్దుగాల పంచాయతీకి ఫోన్ పోతది. 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత ప్రతి పంచాయతీకి ట్రాక్టర్ వచ్చింది, డంపింగ్ యార్డ్ వచ్చింది. ట్రాక్టర్ కొత్తదే. దాంట్లకు ఆ బర్రెను ఎత్తే మనిషి మాత్రం అదే వాడ నుంచి వస్తడు. జీవో 51 పుణ్యాన ఆయన మల్టీపర్పస్ వర్కర్. మోరీ తీసుడు, చెట్లకు నీళ్లు పోసుడు, కళేబరం ఎత్తుడు అన్నీ ఆయనే. 2023 జులైలో వీళ్లు రాష్ట్రమంతటా సమ్మె చేసినప్పుడు అడిగిన వాటిలో మొదటిది పర్మినెంట్ చేయమనుడు. "మాదిగలు ఊరిని సాఫ్‌గ ఉంచేటోళ్లు" అని క్లాసులో మెచ్చుకునే సార్లు ఆ టెంట్ల దిక్కు ఎంతమంది వచ్చిన్రో నేను చూసిన.

కాబట్టి చెల్లె, సార్‌తోటి కొట్లాడకు, అడుగు. మూల నిచ్‌కు వాస్తవ నిచ్‌కు తేడా ఏంది సార్ అని అడుగు. మాదిగ ఏ స్పీషీస్ సార్ అని అడుగు. నీ పక్కన ఇంకో ఇద్దరు కూర్చోని అడిగేటట్టు చూసుకో, ఒక్కదానివే లేవకు. ఈ పోస్టు ప్రింట్ తీసి నోటీసు బోర్డు మీద అంటించినా నాకు అభ్యంతరం లేదు.

పిట్లం, బిచ్కుంద, జుక్కల్ దిక్కు పంచాయతీ కార్మికులు ఎవలైనా ఇది చదువుతుంటే, కళేబరాలు ఎత్తే పనికి గ్లౌజులు, బూట్లు, టీటీ సూది, రేబిస్ టీకా ఇచ్చిన్రా లేదా కామెంట్లలో రాయుండ్రి. పేరు రాయొద్దు, ఊరు రాస్తే చాలు. జమ చేసి ఒక వినతిపత్రం చేద్దాం. తోలు ఒలిచే కాడ మా తాత అడగలేని ప్రశ్న ఒకటి దాంట్ల మొదట పెడ్దాం: ఈ గొడ్డు దేంతోటి సచ్చింది?

వచ్చే భాగం చెరువు మీద. చేప పిల్లలు సర్కారు పోస్తది. పట్టే హక్కు ఎవరిది, ఒడ్డు మీద నిలబడి చూసే హక్కు ఎవరిది అని.

జై భీమ్.